పసుపు ఊరు తంగేడుకు పడ్డ బాకీ

భాద్రపదం చివర ఆర్మూర్ దారిన పోయేవాళ్లకు పసుపు చేనులో పసుపు రంగు కనబడదు. నడుమెత్తు పెరిగిన ఆకులు పచ్చగా ఊగుతుంటాయి. రంగంతా మట్టి కింద కొమ్ముల్లో దాగి ఉంటుంది. ఆ రోజుల్లో కళ్లకు పసుపు కనబడేది గుట్టల వాలుల్లో, చెరువు కట్టల మీద, చేనుకూ బాటకూ నడుమ మిగిలిన మొరం దిబ్బల మీద. ఎవరూ విత్తని, ఎవరూ నీళ్లు పెట్టని పొద ఒకటి అక్కడ విరగబూసి ఉంటుంది. అదే తంగేడు.

రెండూ పసుపే అయినా రెండింటి బతుకులో పోలిక లేదు. పసుపు పంట తొమ్మిది నెలలు నేల మీద ఉంటుంది. మిరుగం కార్తెతో విత్తనపు కొమ్ము మట్టిలో పడితే సంక్రాంతి దాటాక గానీ తవ్వకం మొదలు కాదు. తవ్విన కొమ్మును ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, డ్రమ్ములో తిప్పి నునుపు చేయాలి. అప్పుడే అది కాడిగా, గోళగా వేరుపడి నిజామాబాద్ యార్డుకో మహారాష్ట్రలోని సాంగ్లీకో బస్తాల్లో వెళ్తుంది. దుగ్గిరాల, మైదుకూరు, టేకూరుపేట రకాల పక్కన ఆర్మూర్ పేరు కూడా ఒక దీర్ఘకాలిక పసుపు రకానికి నిలిచిపోయిందంటే ఈ నేలకూ ఆ పంటకూ ఉన్న ముడి ఎంత గట్టిదో తెలుస్తుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది బరిలో నిలిచారు. వాళ్లలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న మొదలైంది, దాని కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌కే వచ్చింది. పసుపు చరిత్రను రాసేవాళ్లకు కొదవ లేదు. ఆ చరిత్రలోనే పొదిగి ఉన్న తంగేడు గురించి మాత్రం ఏడాదికి తొమ్మిది రోజులు పువ్వుగా తప్ప ఎవరూ మాట్లాడరు.

బతుకమ్మ పండుగలో ఆ రెండు పసుపులూ ఒకే తాంబాళంలో కలుస్తాయి. గుమ్మడాకులు పరిచి, తంగేడు పూలు వరసగా పేర్చి, గునుగు, కట్ల, బంతి, చామంతి ఒకదాని మీద ఒకటి ఎత్తుకుంటూ పోయి, అన్నిటికీ పైన పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను నిలుపుతారు. అడుగున గుట్ట మీది తంగేడు, కొసన చేనులోని పసుపు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా ఆడి, చెరువులో సాగనంపాక ఆ గౌరమ్మ పసుపునే ముత్తయిదువలు పుస్తెలకు అద్దుకుంటారు.

ఇంతవరకు తెలంగాణలో చిన్నపిల్లలకైనా తెలుసు. తెలియాల్సిన కథ పువ్వు దగ్గర ఆగదు, కొమ్మ మీది చెక్కలోకి వెళ్తుంది.

పసుపు నీళ్లు బాగా తాగే పంట. బరువు నేలల్లో కూడా పదిహేను, ఇరవై తడులు ఇవ్వాలి. కరెంటు మోటార్లు రాకముందు, పోచంపాడు దగ్గర గోదావరికి అడ్డంగా శ్రీరాంసాగర్ కట్టడానికి 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేయకముందు, ఆ తడులు ఎక్కువగా బావి నుంచే రావాల్సి ఉండేది. బావి మీద మోట ఉండేది. ఎడ్ల జత వాలులో కిందికి నడిస్తే మోకు బిగిసి, గిరక కిర్రుమని, బొక్కెన పైకి వచ్చేది. బొక్కెనకు అడుగున ఏనుగు తొండం లాంటి తోలు గొట్టం. దాన్ని తొండం అనే పిలిచేవారు. పైకి వచ్చిన నీళ్లు ఆ తొండంలోంచి తొట్టిలోకి, తొట్టి నుంచి కాలువలోకి దూకేవి. ఎడ్లు వెనక్కి అడుగులు వేస్తే బొక్కెన మళ్లీ బావిలోకి. తెల్లవారుజాము నుంచి ఇదే పని.

ఆ తోలు ఎలా తట్టుకునేది? పచ్చి తోలు నాలుగు రోజులు నీళ్లలో ఉంటే కుళ్లి వాసన కొడుతుంది. ఎండితే కట్టెలా బిగిసి పగులుతుంది. నెలల తరబడి తడుస్తూ, ఎండుతూ, రాయికి రాచుకుంటూ కూడా మెత్తగా నిలవాలంటే దాన్ని ఊరబెట్టాలి. ఊరబెట్టడానికి కావాల్సిన పదార్థం తంగేడు చెక్కలో ఉంది. ఎండిన చెక్కలో అయిదో వంతుకు దగ్గరగా టానిన్ ఉంటుంది. నాలుకకు వగరుగా తగిలేది అదే. తోలులోని పోగులను ఆ టానిన్ గట్టిగా పట్టి కట్టేస్తుంది. కట్టుపడ్డ పోగులను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఏమీ చేయలేవు.

ఈ విద్య మాదిగలది. ఊరి చివర, తోలు ఊరబెట్టే లందల్లో ఆడా మగా కలిసి చేసిన పని అది. చచ్చిన పశువు తోలు వొలిచి, కడిగి, సున్నం నీళ్లలో నానేసి, వెంట్రుకలు గీకేవారు. తర్వాత సున్నం పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగేవారు. ఈలోగా గుట్టల మీద కోసుకొచ్చిన తంగేడు కొమ్మల చెక్కను వొలిచి, ఎండబెట్టి, దంచి ఉంచేవారు. తోలును సంచిలా కుట్టి, లోపల ఆ చెక్క నింపి నీళ్లు పోసి, కొయ్యకు వేలాడదీసేవారు. కిందికి కారిన ఎర్రటి నీళ్లను పట్టి తిరిగి పైన పోసేవారు. చెక్క చప్పబడితే కొత్తది మార్చేవారు. ఎన్ని రోజులకు తోలు పాకానికి వచ్చిందో చేత్తో నలిపి, ముక్కుతో పసిగట్టి చెప్పేవారు. కరక్కాయ కలిపితే రంగు, మెత్తదనం మారేవి. ఏ తోలుకు ఎంత సున్నం, ఎంత చెక్క అన్న లెక్క ఏ పుస్తకంలోనూ రాసుకున్నది కాదు, తల్లిదండ్రుల చేతుల నుంచి పిల్లల చేతుల్లోకి వెళ్లింది. ఇది రసాయన శాస్త్రం. దీన్ని ఆ పేరుతో పిలవడానికి మన సమాజానికి చాలా కాలం పట్టింది. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లిష్‌లో వెలువరించిన ‘టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్’ పుస్తకంలో తోలు పనివాళ్లకు ఒక అధ్యాయం ఇచ్చి, వాళ్ల చేతిపనిని విజ్ఞానంగా చూపారు. బడి పుస్తకాల్లో ఆ మాట ఎన్నడో రావాల్సింది.

మోట తొండం, ఎడ్ల మెడ పట్టీలు, కాడికి వార్లు, చెర్నకోల, కిర్రు చెప్పులు... వ్యవసాయం నడవడానికి కావాల్సిన తోలు వస్తువులన్నీ ఆ లందల్లోంచే వచ్చాయి. వాటికి బదులుగా ఆ పనివాళ్లకు దక్కిందేమిటి? పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద 1972లో వెలువరించిన పుస్తకంలో నిజాం కాలపు వెట్టి గురించి రాస్తూ, చెప్పులూ వ్యవసాయపు తోలు సామానూ తయారుచేసేవాళ్లు దొరలకు వాటిని ఊరికే ఇవ్వాల్సి వచ్చేదని నమోదు చేశారు. మిగతా రైతులు కట్టుబడి ప్రకారం ఎంతో కొంత ముట్టజెప్పేవారు, దొర గడీ మాత్రం ఏమీ ఇచ్చేది కాదు. తంగేడు పువ్వును నెత్తిన పెట్టుకున్న ఊరే తంగేడు చెక్కతో పని చేసిన చేతులను ఊరి అవతల ఉంచింది. పండుగ పాటల్లో పువ్వు పేరు వినబడినప్పుడల్లా ఈ సంగతి కూడా గుర్తుండాలి.

చెక్క ఊళ్లోనే ఆగిపోలేదు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు చుట్టుపక్కల తోళ్ల కార్ఖానాలు పెరిగాయి. పల్లవరం, ఆంబూరు, వాణియంబాడి, దిండిగల్లులో ఊరిన తోళ్లు ‘ఈస్టిండియా’ తోళ్ల పేరుతో లండన్ బజారుకు వెళ్లేవి. వాటికి ఆ లేత రంగునూ మెత్తదనాన్నీ ఇచ్చింది తంగేడు చెక్కే. తమిళంలో దాన్ని ఆవారం అంటారు, ఉర్దూ, హిందీ, మరాఠీ వాళ్ల నోట అది తర్వర్, తర్వడ్. దక్కన్ మెట్టల్లో వొలిచిన చెక్క కట్టలు కట్టలుగా దక్షిణానికి తరలేది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగానికి ఈ తోలే కావాల్సి వచ్చి, ఇంగ్లండు యుద్ధ శాఖ పెద్ద ఎత్తున కొనేసింది. ఐరోపా కందకాల్లో బురద తొక్కిన బూట్లలో మన మొరం దిబ్బల తంగేడు ఉందన్నమాట.

ఆ వెలుగు ఎంతో కాలం నిలవలేదు. టానిన్ ఇంకా ఎక్కువగా ఉండే వాటిల్ చెక్క దక్షిణాఫ్రికా నుంచి ఓడల్లో వచ్చింది. అది ఆస్ట్రేలియా తుమ్మ జాతి చెట్టు. అంతకు ముందే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో క్రోమ్ పద్ధతి ప్రవేశపెట్టాడు. వారాల పని రోజుల్లోకి కుదించుకుపోయింది. ఊళ్లలో మోట బదులు ఆయిల్ ఇంజన్, తర్వాత కరెంటు మోటారు వచ్చాయి, తోలు చెప్పు బదులు రబ్బరు చెప్పు వచ్చింది. లంద పూడింది. తంగేడు చెక్కను వొలిచే కత్తికి పని లేకుండా పోయింది.

శాస్త్రజ్ఞుల చేతుల్లో ఈ మొక్క పేరు మారిన తీరు కూడా చెప్పుకోదగ్గది. 1753లో లిన్నేయస్ దాన్ని కాసియా ఆరిక్యులేటా అన్నాడు. ఆరిక్యులేటా అంటే చెవులు గలది. ఆకు కాడ మొదట్లో రెండు పక్కలా గుండ్రటి చెవుల్లాంటి రేకులుంటాయి, తంగేడును పువ్వు లేని రోజుల్లో గుర్తుపట్టడానికి అవే ఆనవాలు. ఇప్పుడు వాడుకలో ఉన్న సెన్నా ఆరిక్యులేటా అన్న పేరు వెనక విలియం రాక్స్‌బరో ఉన్నాడు. ఆయన కలకత్తా వెళ్లకముందు సామర్లకోటలో ఏళ్ల తరబడి మన మొక్కలను పరిశీలించినవాడు. మనవాళ్లకైతే ఈ మొక్కకు లాటిన్ పేరు అక్కర్లేకపోయింది. తంగళ్లపల్లి, తంగడపల్లి లాంటి ఊరి పేర్లు పలికినా తంగేడే చెవిన పడినట్టుంటుంది. తమిళులకు ఇంకా పాత బంధం ఉంది. సంగ సాహిత్యంలోని ‘కురింజిప్పాట్టు’ వందకు దగ్గరగా పువ్వుల పేర్లు చెబుతుంది, అందులో ఆవిరై ఒకటి. నేటికీ పొంగల్‌కు వాళ్లు ఇంటి చూరుకు వేపాకుతో పాటు ఆవారం పూలు కడతారు. శ్రీలంకలో దీని ఎండు పూలను మరిగించి రణవర పేరుతో టీలా తాగుతారు.

పసుపు పూల పొదకు ఇంత గౌరవం దక్కడం మన దగ్గరే జరిగింది కాదు. చిక్కుడు కుటుంబానికే చెందిన బ్రూమ్ అనే పొద ఐరోపా కొండల మీద ఇలాగే విరగబూస్తుంది. దాని రెమ్మలతో ఇళ్లు ఊడ్చారు కాబట్టి ఇంగ్లిష్‌లో చీపురుకు కూడా అదే పేరు పడింది. ఆంజూ ప్రభువు జెఫ్రీ ఆ పూరెమ్మను టోపీలో పెట్టుకునేవాడని, అందువల్లే ఆ వంశానికి ప్లాంటాజెనెట్ అన్న పేరు వచ్చిందని చెబుతారు. ఆయన కొడుకు రెండో హెన్రీ 1154లో ఇంగ్లండు రాజయ్యాడు. అదే బ్రూమ్‌ను తెల్లవాళ్లు తోటల్లో పెంచుకోవడానికి నీలగిరులకు తెచ్చారు. అది తోట దాటి గడ్డి కొండల్లోకి పాకి, అక్కడి సొంత మొక్కలను మింగేస్తోంది. దూరపు పొదను తెచ్చి పెంచుకుంటే ఏమవుతుందో ఊటీకి వెళ్తే కళ్లారా చూడొచ్చు. తంగేడుతో ఆ భయం లేదు. ఇది ఈ నేలదే.

తెలంగాణ ఏర్పడిన కొన్ని నెలలకే, 2014 నవంబర్ 17న, ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. పాలపిట్ట, జింక, జమ్మిచెట్టుతో పాటు దానికి ఆ హోదా వచ్చింది. ఆ ఏడాదే బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. హోదా పెరిగింది కానీ పొదలు తరిగాయి. తంగేడు ఉండేది ఎవరి పట్టాలోనూ లేని చోట్ల. గుట్ట వాలు క్వారీ అయినా, మొరం దిబ్బ టిప్పర్లలో ఎక్కి రోడ్డు కింద పరుచుకున్నా, బాట పక్క గట్టు ప్లాటుగా మారినా ముందు పోయేది అదే. పశువులు అంతగా ముట్టవు కాబట్టి ఇన్నాళ్లూ మేత నుంచి తప్పించుకుంది, జేసీబీ నుంచి తప్పించుకోవడం దానివల్ల కాదు. గట్ల మీద కొట్టే గడ్డిమందు కూడా దాన్ని వదలదు. ఒకప్పుడు పిల్లలు పొద్దున్నే గుట్టకు పోయి సంచి నింపుకొచ్చిన పువ్వును ఇప్పుడు పట్నాల్లో కట్ట లెక్కన కొనుక్కుంటున్నారు.

అందుకే ఇన్ని వందల ఏళ్లుగా ఎవరూ పెంచాల్సిన అవసరం రాని మొక్కను ఇప్పుడు ఇంటి ముందు పెంచుకోవాల్సిన కాలం వచ్చింది. అదేమీ కష్టమైన పని కాదు, కొన్ని మెలకువలు తెలిస్తే చాలు. తంగేడు గింజ పెంకు గట్టిది. నేరుగా వేస్తే కొన్ని మొలిచి కొన్ని మట్టిలోనే ఉండిపోతాయి. గరుకు రాయి మీద కాస్త రుద్ది గానీ, వేడినీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి గానీ వేస్తే బాగా మొలుస్తాయి. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి పెరిగిన పొదను గుట్ట మీద నుంచి పెకిలించి తేవడం వృథా. అక్కడా పోతుంది, ఇక్కడా బతకదు. గింజను ఉండాల్సిన చోటే వేయడం మేలు, లేకపోతే సంచిలో మొలిపించి లేతగా ఉన్నప్పుడే నాటాలి.

ఎండ నిండుగా పడే చోటు చూడాలి. ఎర్ర మొరం, రాళ్ల నేల దానికి ఇష్టం. నల్లరేగడి అయితే మట్టిని దిబ్బగా ఎత్తి దాని మీద నాటాలి. వేరు దగ్గర నీళ్లు నిలిస్తే తంగేడుకు మరణమే. ప్రేమ కొద్దీ రోజూ నీళ్లు పోసేవాళ్ల ఇంట ఆకులు ఏపుగా వస్తాయి, పువ్వు రాదు. మొదటి ఎండాకాలం అప్పుడప్పుడూ తడిపితే సరిపోతుంది, తర్వాత వానే చూసుకుంటుంది. కంచెలా కావాలంటే మూడు నాలుగు అడుగులకు ఒకటి చొప్పున వేసుకోవచ్చు. సాధారణంగా రెండో ఏడు నుంచి పూత చూడొచ్చు. కాయలు రాలాక కొమ్మలు కత్తిరిస్తే మొదలు నుంచి కొత్త చిగుళ్లు గుబురుగా వస్తాయి, వచ్చే పూత వాటి మీదే. చెక్క కోసం ఏళ్ల తరబడి కోసినా ఈ పొద బతికి ఉండటానికి ఆ గుణమే కారణం. కత్తిరించిన కొమ్మలను పారేయొద్దు. పాత రైతులు తంగేడు రొట్టను పొలంలో తొక్కి ఎరువు చేసేవారు. చిక్కుడు కుటుంబపు మొక్కే అయినా దీని వేళ్లకు గాలిలోని నత్రజనిని పట్టే బుడిపెలు ఉండవు. లోతు నేలలోంచి తెచ్చుకున్న సారాన్నే ఆకులో దాచి పైమట్టికి ఇస్తుంది.

ఆకుల మీద పచ్చటి గొంగళిపురుగులు కనబడితే మందు కొట్టొద్దు. అవి లేత పసుపు, తెలుపు రెక్కల సీతాకోకచిలుకల పిల్లలు. తంగేడు, దాని చుట్టపు మొక్కల ఆకులే వాటి తిండి. కొన్ని ఆకులు పోయినా పొదకు ఏమీ కాదు. పూత వేళ పొద దగ్గర కాసేపు నిలబడితే పెద్ద నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని గట్టిగా ఝుమ్మని అదరడం వినొచ్చు. తంగేడు పువ్వులో తేనె ఉండదు. ఆ అదురుకు కేసరాల కొసన ఉన్న సన్న రంధ్రాల్లోంచి పుప్పొడి రాలుతుంది, తుమ్మెదకు దక్కేది అదే. పూల మొక్కలకు పురుగుమందు కొట్టే ఇళ్లలో తంగేడు పూస్తుంది కానీ కాయ పట్టదు.

ఆర్మూర్ ప్రాంతంలో బడి ఆవరణలకు, చెరువు కట్టలకు, శ్మశానాల ప్రహరీలకు, పసుపు కల్లాల గట్లకు ఈ కంచె వేయడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. ప్రతి ఊళ్లో బతుకమ్మ ఆడే చెరువు గట్టున ఇరవై పొదలుంటే ఆ ఊరి ఆడపిల్లలు పువ్వు కోసం బజారుకు పోవాల్సిన పనిలేదు. ఆ పొదల పక్కన లంద గురించి, మోట తొండం గురించి, ఆ తోలును ఊరబెట్టినవాళ్ల గురించి నాలుగు మాటలు రాసిన పలక కూడా పెడితే ఊరు తన చరిత్రను తానే చదువుకుంటుంది. చెక్కతో పని చేసిన చివరి తరం పెద్దలు కొందరైనా ఇంకా మన మధ్య ఉన్నప్పుడే వాళ్లను కూర్చోబెట్టి అడిగి రాయించాలి.

పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులకు తంగేడు కాయలు గోధుమరంగుకు తిరిగి, పలచటి కాగితంలా ఎండి ఉంటాయి. ఆర్మూర్ వైపు వెళ్తే ఒక్క గుప్పెడు కాయలు ఏరుకొని జేబులో వేసుకోండి. మిరుగం దాకా పొడి చోట దాచి, మొదటి వాన పడ్డ మర్నాడు విత్తండి.